కలెక్టరమ్మకు బదులునోరు

నమోదు 1

కరకట్ట మీద కాపురముంటున్న యావన్మంది మనుషులకూ, పశువులకూ, మనుషులో పశువులో ఇంకా తేలని వారికీ ఇందుమూలంగా చాటింపు వేయడమేమనగా: పరిశోధన కొట్టంలో ఎడమచేతి వైపున్న మూడుకాళ్ళ ఇనప స్టూలు నేటి నుంచి నాంచారయ్యది. అనగా నాది. దాని మీద టీ గ్లాసు పెట్టరాదు. కాలు పెట్టరాదు. నేను లేనప్పుడు కూర్చుని, నేనొచ్చాక "ఇప్పుడే కూర్చున్నానన్నాయ్" అనరాదు. ఈ కట్టడి మీరినవాడి పొట్టేలుకి అజీర్తి చేయుగాక. ఢం ఢం ఢం.

స్టూలు సంగతి తేలింది కాబట్టి ఇక ఉద్యోగం సంగతి.

నేను బదులునోరుని. గేదెకి పన్ను సలిపితే అది చెప్పలేదు కదా, దానికి బదులు నేను చెబుతాను. దాని దవడకి ఒక క్లిప్పు, నా దవడకి ఒక క్లిప్పు, మధ్యన తీగ. దానికెక్కడ సలిపితే నాకక్కడ సలుపుతుంది. సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పాలి. అంకె పక్కన నాలుగు ముక్కలు సొంత మాటల్లో రాయాలి. ఆ నాలుగు ముక్కలే ఇవి. అంకె రోజూ చూస్తారు, ముక్కలు ప్రయోగం అయ్యాకే చదువుతారు. నోరులేని జీవి మీద, నోరున్న మనిషి తోడు లేకుండా ఏ మందూ ప్రయోగించకూడదని చట్టం. ఇంటర్ తప్పిన నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది చదువు కాదు, నోరే.

గేదెకి కలెక్టరమ్మ అని పేరు పెట్టింది నేనే. ఏ కాయితం ముందు పెట్టినా వాసన చూసి పక్కకి నెట్టేస్తుంది.

ఇవాళ్టి అంకె సున్నా.

నమోదు 2

పొద్దున్నే గొట్టం తిప్పి జావ పట్టాను. మొదటి బకెట్టు కలెక్టరమ్మకి, రెండోది మా ఇంటికి. రెండింటికీ తేడా ఏంటంటే మా దాంట్లో ఉప్పు వేస్తారు.

పొలాలు సముద్రం కిందికి పోయాక అందరికీ ఈ నాచు జావే. బలానికి లోటు లేదు. నమలడానికే ఏమీ లేదు. నమలని దవడ మనుషులు వదిలేసిన ఇల్లు లాంటిది, ముందు తలుపులే ఊడతాయి. నలభై దాటేసరికి పళ్ళు రాలిపోతున్నాయి, కింద ఎముక కరిగిపోతోంది. కట్టుడు పళ్ళు పెట్టించుకుంటే బురదలో పాతిన గుంజల్లా ఒరుగుతున్నాయి. మనుషులకీ అంతే, పశువులకీ అంతే.

అందుకని డాక్టర్ ఎస్తేరు గారు వచ్చారు. పశువుల పళ్ళ డాక్టరు. ఆవిడ దగ్గర మొలక మందు ఉంది. చిగుట్లో ఎక్కిస్తే పన్ను ఊడిన చోటే కొత్త పన్ను మొలుస్తుంది. ముందు కలెక్టరమ్మకి, అది నొప్పీ నలతా లేకుండా గట్టెక్కితే మనుషులకి. పక్క గాటిలో ఒక పొట్టేలు ఉంది. దానికి మందు లేదు, ఊరికే పోల్చి చూసుకోవడానికి పెట్టారు. దాని బదులునోరు మస్తాను. మందులేని పొట్టేలు కాబట్టి వాడు రోజంతా స్టూలు మీద కునుకు తీస్తాడు. నా స్టూలు మీద.

కలెక్టరమ్మకి కింది దవడలో నాలుగు నమిలే పళ్ళు మొలిచాయి. తెల్లగా, వెల్లుల్లి రెబ్బల్లా ఉన్నాయి. ఎండుగడ్డి వేయడం మొదలుపెట్టాం. నమిలింది.

ఇవాళ్టి అంకె సున్నా.

నమోదు 3

పై గట్టు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. గేదెని దూరం నుంచి ఫొటోలో చూసే జాతి.

"అయ్యా, ఒక మనవి. దీని పై వరస ముందు పళ్ళు ఎవరో కాజేశారు" అన్నాను.

"కాజేశారా? ఎప్పుడు?"

"నిన్న జావ తాగేటప్పుడు ఉన్నాయండీ. తమరే చూడండి."

పెదవి ఎత్తి చూశాడు. మొహం పాలిపోయింది. "ఒక్కటి కూడా లేదేంటయ్యా!"

"అదేగా అండీ మా బాధ."

కొట్టం గేటు మూయించాడు. మస్తాను జేబులు వెతికించాడు. వాడి జేబులో వేరుశనక్కాయ తొక్కలు దొరికాయి. అంతలో డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సార్, గేదెకి పైన ముందు పళ్ళు పుట్టుకతోనే ఉండవు" అన్నారు.

మస్తాను గడ్డిలో పడి దొర్లాడు. డాక్టరమ్మ గోడవైపు తిరిగి భుజాలు ఊపుకుంది. నేను కూడా నవ్వినట్టు మొహం పెట్టాను. నవ్వు రాలేదు. ఈ మధ్య నవ్వు కూడా గొట్టం జావలా అయింది. తిప్పితే వస్తుంది, తిప్పకపోతే లేదు.

సున్నా.

నమోదు 4

బదులునోళ్ళకి నెలకోసారి పరీక్ష. అవతలివాడి నొప్పి మోసే నోరు ముందు తన నొప్పి తాను పోల్చుకోగలగాలి కదా. డాక్టరమ్మ సన్నసూదితో చిగురు మీద చిన్నగా గుచ్చుతారు. మనం ఉలిక్కిపడాలి. ఆవిడ టిక్కు పెట్టాలి. అంతే.

ఆవిడ వచ్చిన మొదటి నెలే నేను దీన్ని పాడుచేశాను. సూది ఇంకా పళ్ళెంలో ఉండగానే "అబ్బా! చచ్చాన్రోయ్!" అని కేక వేశాను. ఆవిడ హడలిపోయి పళ్ళెం కింద పడేసింది. అప్పటి నుంచి అదో ఆనవాయితీ. ఆవిడ సూది తీయడం, నేను ముందే అరవడం, ఆవిడ "ఇంకా ముట్టుకోలేదండీ బాబూ" అనడం, మస్తాను నవ్వడం.

ఇవాళ కూడా అరిచాను. ఆవిడ టిక్కు పెట్టింది. మధ్యలో సూది ఎప్పుడు గుచ్చిందో నేను గమనించలేదు.

కలెక్టరమ్మ అంకె సున్నా.

నమోదు 5

మందు వేయించుకునే మొదటి మనుషుల్లో మా ఆవిడ శేషారత్నం తన పేరు ఇచ్చి వచ్చింది. ఇచ్చాక చెప్పింది.

"నాకో మాట చెప్పక్కర్లేదా?" అన్నాను.

"నీకు చెప్పేదేముందయ్యా? ఆ గేదె నోరువి నువ్వేగా. రోజూ సున్నా సున్నా అని ఇంటికొచ్చి డప్పు కొడుతున్నావు. ఆ సున్నా చూసే ఇచ్చాను."

"ఇప్పుడెందుకే నీకు పళ్ళు? ఎవర్ని కరవాలని?"

"చేగోడీ కొరకాలి. కరకరా శబ్దం రావాలి. పండక్కి ఇచ్చిన గుప్పెడు పిండితో చేగోడీలు చుట్టి, వాటిని జావలో నానబెట్టుకుని చప్పరిస్తున్నాను. అది చేగోడీయా? చచ్చిన వానపాము."

"పళ్ళొస్తే ముందు నన్నే కొరుకుతావు నువ్వు."

"కొరుకుతాను. ఎక్కడ కొరుకుతానో కూడా చూసిపెట్టుకున్నాను. ఆ క్లిప్పు పెట్టే చోటే." నా దవడ మీద వేలితో పొడిచి చూపించింది.

వేలు ఆనింది. ఆనినట్టు చూశాను. అంతవరకే తెలుసు.

సున్నా.

నమోదు 7

ఆరో నమోదు లేదు. బద్ధకించాను.

శేషారత్నం పెరట్లో ఉండగా పొయ్యి మీది గిన్నెలోంచి జావ వంపుకుని తాగేశాను. ఆమె లోపలికొచ్చి చూసి కెవ్వుమంది.

"కుతకుతా ఉడుకుతుంటే ఎలా తాగావయ్యా! నోరా అది, నీళ్ళ బాయిలరా?"

"చల్లగానే ఉంది" అన్నాను, ఎగతాళికి అనుకుంది.

అద్దంలో చూసుకున్నాను. అంగిలి మీది తోలు ఉల్లిపొరలా లేచి వేలాడుతోంది. మంట లేదు. చవి పోయిందా అంటే చెప్పలేను. జావకి చవి ఎప్పుడూ లేదు కాబట్టి పోయినా తెలిసే దారి లేదు.

గోతాలు కుట్టే దబ్బనం తీసుకుని కింది చిగురు మీద గుచ్చుకున్నాను. రక్తం వచ్చింది. కబురు రాలేదు. ఇంకో పక్క గుచ్చాను. అక్కడా అంతే. దబ్బనం కడిగి చూరులో పెట్టేశాను.

ఏళ్ళ తరబడి మేకల పళ్ళూ దూడల పళ్ళూ గేదెల పళ్ళూ సలిపిన సలుపంతా ఈ దవడలోంచే పోయింది. నడిచి నడిచి దారి అరిగిపోయినట్టుంది.

మరి రోజూ నేను చెబుతున్న సున్నా ఎవరిది? కలెక్టరమ్మదా, నాదా?

ఈ ప్రశ్న రాసి మళ్ళీ చదివాను. భయం వేయాలి. వేయలేదు. భయం వేయాల్సిన చోటు అని గుర్తుపట్టాను, అంతే.

కొట్టంలో అడిగితే సున్నా అనే చెప్పాను.

నమోదు 9

ఎనిమిదో నమోదు కలెక్టరమ్మ తినేసింది. గడ్డి కాయితం మీద రాస్తే ఇదే గతి. నా రాత నమిలి మింగిన మొదటి పాఠకురాలు.

అయితే గడ్డి మాత్రం మింగడం లేదు. తొట్టి కింద సగం నమిలిన గడ్డి ఉండలు కనిపించాయి, తడిగా, నిమ్మకాయంత. నెమరేస్తూ నెమరేస్తూ ఆగిపోతుంది. తల ఎడమ పక్కకి వంచుతుంది. ఉండ నోట్లోంచి జారిపోతుంది. చన్నీళ్ళ బకెట్టు పెడితే మూతి ఆనించి వెనక్కి తీసేసుకుంటుంది.

డాక్టరమ్మ నాకంటే ముందే చూసింది. ఉండలన్నీ ఏరి పళ్ళెంలో వరసగా పెట్టుకుంది.

"నాంచారయ్య గారూ, దీనికి నొప్పిగా ఉందని నాకు అనుమానం. మీకేం తెలుస్తోంది?"

"సున్నా అమ్మా."

"ఎడమ కింది దవడ. వెనకాల. కాస్త నిదానంగా చూసి చెప్పండి."

కళ్ళు మూసుకుని నిదానంగా చూశాను. ఖాళీ గదిలో దీపం పట్టుకుని తిరిగినట్టుంది.

"సున్నానే."

"నిజంగా?"

"సున్నాలో నిజం సున్నా, అబద్ధం సున్నా అని రెండుంటాయా అమ్మా?"

మస్తాను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. చూసినదాన్ని బట్టి ప్రయోగం ఆపే అధికారం ఆవిడకి లేదు. పూర్వం డాక్టర్లు "చూడటానికి హాయిగానే ఉంది" అని రాసి, మందులు జనం మీదికి వదిలేసేవారట. ఆ అనర్థాలు చూశాక చట్టం కంటిని నమ్మడం మానేసి నోటిని నమ్మడం మొదలుపెట్టింది. ఆ నోరు నాది. చట్టానికి ఇంతకన్నా తద్దినం ఉంటుందా.

చెప్పేస్తే? బదులునోరు చెడిపోతే ప్రయోగం ఆపేయాలి. ఆగిపోయిన ప్రయోగంలో జంతువు దవడ కోసి, లోపల ఏముందో చూసి ముగించాలి. అదీ చట్టమే. వేరే నోరు కుదిరితే సరేగానీ, ఒక జంతువుకి అలవాటు పడి ఉన్న దవడ, ఆ ప్రయోగం మధ్యలో ఇంకో దానికి కుదరడం అరుదు. కలెక్టరమ్మ పోతుంది. మందు పోతుంది. శేషారత్నం చేగోడీలు వానపాములుగానే ఉండిపోతాయి.

చెప్పకపోతే? ఆ మందు శేషారత్నం నోట్లోకి పోతుంది.

ఉండల పళ్ళెం కడిగి పెట్టాను.

నమోదు 10

కరకట్ట తూర్పు కొస తెగింది. ఎవరికీ ప్రాణాపాయం లేదు. అక్కడ మా పాత ఇంటి వాకిలి మిగిలి ఉండేది, అది కూడా నీళ్ళలోకి పోయింది. జనమంతా గట్టు మీద నిలబడి ఏడ్చారు. శేషారత్నం నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. నేను వాకిట్లో రుబ్బురోలు తేలుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను.

"తేల్లేదే" అన్నాను.

ఆమె ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది.

"నీకేదో అయిందయ్యా" అంది.

సున్నా.

నమోదు 11

రేపు శేషారత్నానికి మందు. సాయంత్రం పెట్టెలోంచి పట్టుచీర తీసి మడతలు విప్పి దండెం మీద వేసింది. సూది వేయించుకోవడానికి పట్టుచీర. అద్దం ముందు నిలబడి పెదాలు తెరిచి బోడి చిగుళ్ళు చూసుకుని, చీపురుపుల్ల అడ్డం పెట్టుకుని కొరుకుతున్నట్టు నటించింది. ఆమెను అంత కుదురుగా, అంత సరదాగా నేను చూసి చాలాకాలమైంది.

"రత్నం, రేపు వెళ్ళొద్దు."

"మొదలెట్టావా?"

"నాకు నోరు మొద్దుబారిపోయింది."

"నీ నోరా! మొద్దుబారితే ఊరంతా కొబ్బరికాయలు కొడుతుంది."

"వేళాకోళం కాదే. ఏమీ తెలియడం లేదు. ఆ సున్నాలు గేదెవి కావేమో."

చీర సర్దుతున్న చెయ్యి ఆగింది. "మరి ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

జవాబు లేనప్పుడు నేనెప్పుడూ ఏదో ఒక వేషం వేస్తాను. మెల్లకన్ను పెట్టి గేదెలా అంబా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నోరు దానంతట అది అనేసింది.

ఆమె మొహం గట్టిపడింది. "నాకు పళ్ళొస్తున్నాయని నీకు కుళ్ళు. రేపు పొద్దున్నే పోతాను. నువ్వు రా, రాకపో."

నమోదు 12

ఇవాళ కొంచెం పొడుగ్గా రాస్తాను. డాక్టరమ్మ రాయమంది.

నేను శేషారత్నం కంటే ముందు బయల్దేరి కొట్టానికి వెళ్ళాను. మనుషులకి మందు వేసే కుర్చీ కూడా ఆ కొట్టంలోనే, ఒక మూల. డాక్టరమ్మ సూదిమందు సీసాలు వరసగా పెడుతోంది.

"అమ్మా, నేను పనికిరాను. నాకు నోట్లో స్పర్శ పోయింది. మందు ఆపండి."

ఆవిడ తల ఎత్తకుండానే, "నాంచారయ్య గారూ, ఇవాళ వద్దండీ. చేతినిండా పనుంది" అంది.

"ఒట్టు."

"మొన్న పళ్ళ దొంగతనం కేసులో కూడా ఇలాగే చెప్పారు."

"పరీక్ష పెట్టి చూడండి."

నిట్టూర్చి సన్నసూది తీసింది. ఈసారి మాట్లాడకూడదు, ఉలకకూడదు అని పంతం పట్టి కూర్చున్నాను. సూది పైకి లేచింది. "అబ్బా! చచ్చాన్రోయ్!"

నేను కాదు. నా నోరు. ఇన్ని నెలల అలవాటు, సూది మెరుపు చూసి దానంతట అదే అరిచింది.

మస్తాను చప్పట్లు కొట్టాడు. "అన్నాయ్ సూపరు!" డాక్టరమ్మ సూది పళ్ళెంలో పడేసి, "సరిపోయిందా? ఇక నన్ను వదలండి" అంది.

అప్పుడే శేషారత్నం వచ్చింది. పట్టుచీర, తల్లో కనకాంబరాలు. నన్ను చూడనట్టు నడిచివెళ్ళి కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది.

"కళ్ళకి గంతలు కట్టండి నాకు" అన్నాను.

"ఏంటండీ?"

"సూది కనిపిస్తే నా నోరు ఊరుకోదు. గంతలు కట్టి గుచ్చండి. ఇదొక్కటీ చేయండి, తరవాత నన్ను గెంటేయండి."

ఆవిడ ఈసారి తలెత్తి చూసింది. నా మొహంలో ఏం కనిపించిందో నాకు తెలియదు. ఏమీ కనిపించలేదేమో, అదే పనిచేసిందేమో. మస్తాను పొట్టేలు గోతం మడిచి నా కళ్ళకి కట్టాడు. దాణా వాసన వేసింది. ముక్కు ఇంకా బాగానే ఉందన్నమాట.

నోరు తెరుచుకుని కూర్చున్నాను. ఎదురుచూశాను. కొట్టంలో చడీచప్పుడు లేదు. కలెక్టరమ్మ ఒకసారి బుస్సుమంది. సూది కోసం వెతుకుతున్నారు కాబోలు అనుకున్నాను. విసుగొచ్చి, "ఏం డాక్టరమ్మా, ముహూర్తం చూస్తున్నారా? మొదలెట్టండి" అన్నాను.

పళ్ళెంలో సూది ఖంగుమంది.

"మొదలెట్టలేదా ఇంకా?"

"అయిపోయిందండీ" అంది డాక్టరమ్మ.

గోతం విప్పుకున్నాను. చొక్కా ముందంతా రక్తపు చుక్కలు. ఒకచోట కాదు, చాలాచోట్ల గుచ్చి చూసినట్టుంది. మస్తాను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. కుర్చీలో శేషారత్నం నోరు ఇంకా తెరిచే ఉంది, కానీ అది మందు కోసం తెరిచింది కాదు.

డాక్టరమ్మ సీసాలన్నీ పెట్టెలో పెట్టి మూత వేసింది. తరవాత, "మస్తాన్ గారూ, ఆ క్లిప్పు పెట్టుకుంటారా? కుదురుతుందో లేదో తెలియదు. కుదరకపోతే..." అని కలెక్టరమ్మ వైపు చూసి ఆగిపోయింది. కుదరకపోతే ఏమవుతుందో కొట్టంలో అందరికీ తెలుసు.

మస్తాను నా స్టూలు మీద కూర్చున్నాడు. నన్ను చూసి, "అన్నాయ్, ఇప్పుడే కూర్చున్నా" అన్నాడు భయంభయంగా. క్లిప్పు బిగించుకున్నాడు. తీగ కలిపాం. కాసేపు ఏమీ లేదు. "కుదరలేదేమో అమ్మా..." అంటుండగా కలెక్టరమ్మ దవడ ఒకసారి కదిపింది.

మస్తాను స్టూలుతో సహా పడిపోయాడు. అరవలేదు. అరవడానికి ఊపిరి అందలేదు. దవడ పట్టుకుని నేల మీద ముడుచుకుపోయి, తరవాత చేతులు తీసి తొమ్మిది వేళ్ళు చూపించాడు.

కుదిరింది.

డాక్టరమ్మ మత్తిచ్చి చిగురు కోసింది. పైకి వెల్లుల్లి రెబ్బల్లా తెల్లగా ఉన్న పళ్ళలో వెనకదాని వేరు అడ్డంగా పెరిగి, పక్కనున్న నరాన్ని ఎముకకేసి నొక్కేస్తోంది. చుట్టూ చీము. మందు మోతాదు ఎక్కువై పన్ను ఆగకుండా లోపలికి కూడా మొలుస్తోందని చెప్పింది. అదే మోతాదు కుర్చీలో కూర్చున్న మనిషికి సిద్ధంగా ఉంది.

కలెక్టరమ్మ మత్తులో ఉండి కూడా కళ్ళు తెరిచే ఉంది. ఇన్నాళ్ళూ తొమ్మిది మోస్తూ నా పక్కనే నిలబడింది. దానికి బదులు చెప్పాల్సినవాణ్ణి నేను. సున్నా అని చెప్పాను. దాని కంటి కింద నల్లగా తడి చార ఉంది. అది పాతదే. రోజూ కడిగేవాణ్ణి, కళ్ళ కలక అనుకుని.

అక్కడ ఏడిస్తే బాగుండేది. అందరూ చూసేవాళ్ళు కూడా. రాలేదు.

"తప్పు మీ ఒక్కరిదే కాదండీ" అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. "మీ అరుపుకి టిక్కు పెట్టింది నేను."

"నా నరం మళ్ళీ వస్తుందా అమ్మా?"

"అలిసిపోయింది. రావచ్చు. రాకపోవచ్చు. క్లిప్పు మాత్రం ఇక ముట్టుకోకండి."

ఇవాళ్టి అంకె తొమ్మిది. చెప్పింది మస్తాను.

నమోదు 13

ఇది నమోదు కాదు నిజానికి. నేనిప్పుడు బదులునోరుని కాను. తొట్టి కడిగే మనిషిని. అయినా కాయితం మిగిలింది.

మూడుకాళ్ళ ఇనప స్టూలు విషయమై లోగడ వేసిన చాటింపు రద్దు చేయడమైనది. అది మస్తానుది. వాడు ఇప్పుడు కునుకు తీయడం లేదు. పొద్దున వచ్చేటప్పుడు దేవుడికి దణ్ణం పెట్టుకుని కూర్చుంటున్నాడు. అంకె ఆరు, అయిదు, మళ్ళీ ఆరు. నిన్న నాలుగు. పొట్టేలుకి ఇంకో నోటిని వెతుకుతున్నారు.

శేషారత్నం నాతో మాట్లాడటం లేదు. జావ గిన్నె నా ముందు పెట్టి, ముందు తను వేలు ముంచి వేడి చూసి, వెళ్ళిపోతుంది. పట్టుచీర మడతపెట్టి పెట్టెలో అడుక్కి తోసేసింది.

నేను తొట్టి కింద ఉండల కోసం చూస్తాను. అది చట్టానికి లెక్కలేదు, నాకుంది. ఇవాళ ఒక్కటే దొరికింది. తీసుకెళ్ళి డాక్టరమ్మకి చూపించాను. "నేనూ చూశాను" అంది. ఇద్దరం లెక్కలోకి రాని కళ్ళతో దాన్ని కాసేపు చూశాం.

నమోదు 14

మోతాదు సగానికి తగ్గించి, కలెక్టరమ్మకి ఇంకో పక్క మొలక మందు ఎక్కించారు. కొత్త పన్ను వచ్చింది. అంకె మస్తాను చెప్పాడు: ఒకటి. "దురదగా ఉందన్నాయ్, ఎవరన్నా గోకితే బాగుండనిపిస్తోంది" అన్నాడు. తొట్టి కింద ఉండలు లేవు. చన్నీళ్ళు బకెట్టు అడుగు దాకా తాగింది. తొట్టి కడగడానికి వంగితే నా తల మీది టోపీ కూడా తినేసింది. కింది పళ్ళతోనే.

"మోసం చేశావురా గాడిదా" అని నన్ను తిడుతుందని ఎదురుచూశాను దాని కళ్ళలోకి చూస్తూ. అది నెమరేసుకుంటోంది.

సాయంత్రం ఇంటికెళ్ళి శేషారత్నానికి చెప్పాను. "ఒకటి. నేను చెప్పింది కాదు. మస్తాను చెప్పాడు. ఉండలు లేవని నేను చూశాను."

చాలా రోజుల తరవాత నాతో మాట్లాడింది. "నీకు అనుమానం లేదుగా?"

"లేదు."

"అంబా అనవుగా?"

"అనను."

పెట్టె తెరిచి పట్టుచీర పైకి తీసింది.

నమోదు 15

శేషారత్నానికి పన్ను మొలిచింది. కింద, ముందు వైపు, కాస్త పక్కకి. నొప్పి లేదంది, దురదంది. డాక్టరమ్మ వెలుగు పెట్టి చూసి, వేరు తిన్నగా ఉందని చెప్పింది. మిగతావి వెనకాల వస్తాయట.

ఒక్క పన్నుతో చేగోడీ కొరకడం కుదరదని చెప్పాను. వినలేదు. చేగోడీని పంటికీ పై చిగురుకీ మధ్య పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, దవడ బిగించింది. టక్కున విరిగింది. కరకర కాదు, ఒక్క టక్కు. ఆ టక్కు విని కళ్ళు తెరిచి నన్ను చూసింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు వినలేదేమోనని ఇంకోటి విరిచింది.

తరవాత చెయ్యి తుడుచుకుని, "ఇటు రా" అంది.

"ఎందుకు?"

"రమ్మంటే రా. అప్పుడేం చెప్పాను నీకు?"

నా తల రెండు చేతులా పట్టుకుని పక్కకి తిప్పి, క్లిప్పు పెట్టే చోటే, దవడ మీద, కొరికింది. వేళాకోళానికి కాదు. ఆగి ఆగి, పన్ను దిగేలా.

"అబ్బా!" అన్నాను.

వదిలేసింది. నా మొహంలోకి మొహం పెట్టి చూసింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తగిలిందా? నిజం చెప్పు. ముందే అరిచావా, తగిలాక అరిచావా?"

"తగిలాకే."

"అంకె చెప్పు."

చురుక్కుమంది. చీమ కుట్టినట్టు మొదలై చెవి దాకా పాకింది. పోయిన మనిషి వీధి చివర కనబడినట్టుంది.

"రెండు" అన్నాను.

"రెండా!" అంది. ఇంకోసారి, "రెండు!" అంది. పైట చెంగుతో నా దవడ మీది తడి తుడిచింది. తుడుస్తూనే ఏడ్చింది. "మిగతావి కూడా రానీ. మూడు చేస్తాను. పది చేస్తాను. ఎక్కడికి పోతావో చూస్తాను." వాకిట్లోకి వెళ్ళి పక్కింటివాళ్ళతో పన్ను సంగతి కాకుండా ముందు నా సంగతి చెప్పింది.

ఇవాళ్టి అంకె రెండు.

ఈ కాయితాలు చివరికి డాక్టరమ్మ చదువుతుంది, శేషారత్నం చదవదు కాబట్టి రాస్తున్నాను. పన్ను నిజం. కొరకడం నిజం. దవడ మీద చిన్న గంటు పడింది, అద్దంలో చూశాను, అదీ నిజం. అరుపు తగిలాకే వచ్చిన మాట కూడా నిజమే. ఎదురుగా గోడకి ఆనించిన స్టీలు పళ్ళెంలో ఆమె నోరు నా దవడ మీదికి రావడం కనిపిస్తూనే ఉంది, ఆమె నుదురు ముడిపడే దాకా ఆగి అరిచాను.

రెండు అన్న అంకె, ఆ చురుక్కు మాత్రం పూర్తిగా నేను కల్పించినవి.